తల్లికుక్క ఎంపిక: ఒంటి తీరు చెప్పేదీ, చెప్పనిదీ

బ్రిటన్‌లో జాతికుక్కల కాన్పుల మీద 2010లో ఒక అధ్యయనం వెలువడింది. ఏ జాతిలో ఎన్ని ఈతలకు సిజేరియన్ చేయవలసి వచ్చిందో అందులో లెక్కగట్టారు. బోస్టన్ టెర్రియర్లలో నూటికి 92, బుల్‌డాగ్‌లలో 86, ఫ్రెంచ్ బుల్‌డాగ్‌లలో 81 ఈతలకు కత్తి పడింది. ఆడ తోడేలు ఏ బొరియలోనో ఎవరి సాయమూ లేకుండా ఈనుతుంది. మన వీధికుక్క మెట్ల చాటునో, ఇసుక కుప్ప పక్కనో ఈనుతుంది. వాటికి దగ్గరి చుట్టమైన బుల్‌డాగ్‌కు మాత్రం సర్జన్ కావాలి.

ఏ క్రిమి వల్లో, ఏ తిండి లోపం వల్లో ఇలా జరగలేదు. మనుషులు వంద సంవత్సరాలకు పైగా ఒంటి తీరు చూసి కుక్కలను ఎంచుకున్న ఫలితం ఇది. పెద్ద తల, వెడల్పాటి భుజాలు, సన్నని పిరుదులు ఉన్న కుక్కను ప్రదర్శనల్లో మెచ్చుకున్నారు. మెచ్చుకున్నవాటినే ఈనించారు. తలలు పెద్దవవుతూ పోయాయి, అవి బయటికి రావలసిన దారి ఇరుకుగానే ఉండిపోయింది.

అలాగని ఒంటి తీరు చూసి తల్లిని ఎంచుకోవడమే తప్పనలేం. పశువుల పెంపకమంతా ఆ చూపుతోనే మొదలైంది. అయితే ఒంటిలో ఏ భాగాన్ని చూడాలి, కంటికి కనిపించినదాన్ని ఎంతవరకు నమ్మాలి, కనిపించనిదాన్ని ఎలా తెలుసుకోవాలి అన్న మూడు ప్రశ్నలకూ గత వంద సంవత్సరాల జన్యుశాస్త్రం చాలావరకు జవాబులిచ్చింది. అవి తెలియకుండా చేసే ఎంపిక ఎంత అనుభవజ్ఞుడిదైనా సగం గుడ్డిదే.

తీరు ఒకటి కాదు, ముక్కలు ముక్కలు

చివావా రెండు మూడు కిలోలు తూగుతుంది. ఇంగ్లిష్ మాస్టిఫ్ డెబ్బై కిలోలు దాటుతుంది. రెండింటికీ, తోడేలుకూ కూడా, ఉన్నవి అవే 39 జతల క్రోమోజోములు. ఒకే జాతి జంతువులో ఇంత తేడా భూమి మీద వెన్నెముక ఉన్న నేలజంతువుల్లో ఇంకెక్కడా కనిపించదు.

మనిషి ఎత్తును వేల జన్యుభేదాలు తలా కాస్త పెంచుతాయి, తగ్గిస్తాయి. కుక్కల్లో అలా కాదు. కొద్దిపాటి జన్యువులే పెద్ద పెద్ద మార్పులు తెస్తాయి. చిన్న కుక్కలు చిన్నవిగా ఉండటంలో ఐజీఎఫ్-1 అనే ఒక్క జన్యువుదే పెద్ద చెయ్యి అని 2007లో తేలింది. డాక్స్‌హండ్, బాసెట్ హౌండ్, కోర్గి వంటి పొట్టికాళ్ల జాతుల రహస్యం 2009లో బయటపడింది. ఎముకల ఎదుగుదలతో సంబంధమున్న ఎఫ్‌జీఎఫ్-4 అనే జన్యువుకు అదనపు నకలు ఒకటి తయారై, 18వ క్రోమోజోములో చేరి కూర్చుంది. కాళ్ల ఎముకలు పొడవు పెరగకుండా ఆపుతున్నది అదే. అదే జన్యువుకు 12వ క్రోమోజోములో ఇంకో నకలు ఉన్నట్టు 2017లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. ఈ రెండో నకలు కాళ్లను పొట్టి చేయడంతో ఆగదు. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తని డిస్కులను చిన్న వయసులోనే గట్టిపరుస్తుంది. నడుము పడిపోయి వెనుక కాళ్లు ఈడ్చే డాక్స్‌హండ్‌లు పశువైద్యులకు కొత్త కాదు. ఆ జాతిలో పొట్టికాళ్ల ముచ్చటా నడుము జబ్బూ కొంతవరకు ఒకే మూలం నుంచి వచ్చినవి.

కాబట్టి పెంపకందారు ‘తీరు’ అని ఒక్క మాటలో చెప్పేది నిజానికి ఒక్కటి కాదు. కాళ్లకు ఒక లెక్క, దవడకు ఒక లెక్క, పుర్రెకు ఒక లెక్క, కండకు ఒక లెక్క ఉన్నాయి. తల్లి నుంచి పిల్లకు ఇవి మూట కట్టినట్టు కలిసి రావు.

స్టాకార్డ్ కుక్కలు నేర్పిన పాఠం

జన్యువు దేనితో తయారైందో ఇంకా తెలియని రోజుల్లోనే ఈ సంగతిని కళ్లకు కట్టి చూపినవాడు చార్ల్స్ స్టాకార్డ్. న్యూయార్క్‌లోని కార్నెల్ వైద్య కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించేవాడు. ఊరి బయట పొలంలో వందలాది కుక్కలను పెంచి, ఒకదానికొకటి ఏమాత్రం పోలిక లేని జాతులను జతకట్టించాడు. 1939లో ఆయన పోయాక, 1941లో ఆ పరిశీలనలన్నీ పెద్ద గ్రంథంగా వచ్చాయి.

పొట్టి బాసెట్ హౌండ్‌ను పొడుగు జర్మన్ షెపర్డ్‌తో కలిపితే మొదటి తరం పిల్లలన్నీ కురచ కాళ్లతోనే పుట్టాయి. ఆ పిల్లలను తమలో తాము జతకట్టిస్తే రెండో తరంలో పొడుగు కాళ్లు మళ్లీ విడిగా బయటపడ్డాయి. దవడల కథ ఇంకా విచిత్రం. బుల్‌డాగ్ రక్తం కలిసిన సంకరాల్లో పై దవడ ఒక దారి, కింది దవడ ఒక దారి పట్టాయి. పైది కురచగా, కిందిది మామూలుగా ఉన్న కుక్కలు వచ్చాయి. పళ్ల వరసలు కలవక నమలడమే కష్టమైన నోళ్లు అవి. రెండు దవడలకూ జన్యువులు వేరని స్టాకార్డ్ నిర్ధారించాడు.

పెంపకందారుల్లో బాగా పాతుకుపోయిన ఒక అలవాటుకు ఇది సూటి జవాబు. ఆడకుక్క నడుము మరీ పొడుగ్గా ఉంటే మరీ కురచ నడుము మగదాన్ని తెస్తారు. ఎముక సన్నగా ఉంటే మోటు ఎముక ఉన్నదాన్ని వెతుకుతారు. రెండు తప్పులు కలిస్తే మధ్యస్థంగా ఒక ఒప్పు పుడుతుందని ఆశ. పెద్ద జన్యువు ఒకటే నడిపించే లక్షణంలో మధ్యస్థం దొరకడం కష్టం, పిల్లలు ఇటో అటో చీలిపోతాయి. ఎన్నో జన్యువులు కలిసి నడిపించే లక్షణంలో సగటు మధ్యకే వచ్చినా, ఒకే ఈతలో కొన్ని తల్లి వైపు, కొన్ని తండ్రి వైపు తూగుతాయి. పైకి మధ్యస్థంగా కనిపించే పిల్ల కూడా రెండు రకాల జన్యువులనూ మోస్తూ, మరుసటి తరంలో మళ్లీ రెండు అతులనూ బయటికి తెస్తుంది. అందుకే అనుభవమున్నవాళ్లు తల్లిలోని లోపానికి దాని ఎదురు లోపాన్ని వెతకరు. ఆ భాగం సరిగ్గా ఉన్న మగదాన్ని వెతుకుతారు.

బుల్ టెర్రియర్ పెంపకందారులకు ఇది తరతరాల అనుభవం. 1860లలో బర్మింగ్‌హామ్‌లో జేమ్స్ హింక్స్ అనే వ్యాపారి బుల్‌డాగ్‌ను, తెల్ల టెర్రియర్‌ను, డాల్మేషియన్‌ను కలిపి ఆ జాతిని తయారుచేశాడు. ఇన్నాళ్లయినా ఆ జాతి ఆడకుక్కలను చూసి ఇది బుల్‌డాగ్ తీరు, ఇది టెర్రియర్ తీరు, ఇది డాల్మేషియన్ తీరు అని విడదీసి చెబుతారు. మోటు ఎముకతో బరువుగా ఉంటే మొదటిది, చురుగ్గా బిగువుగా ఉంటే రెండోది, కాళ్లు పొడవై నడక సాఫీగా ఉంటే మూడోది. కలిపినవి పూర్తిగా కలిసిపోవని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

పందెపు కుక్క విపెట్ కథ ఇంకో మెలిక చూపిస్తుంది. కండ అతిగా పెరగకుండా అదుపులో పెట్టే మయోస్టాటిన్ అనే జన్యువులో చిన్న లోపం కొన్ని విపెట్‌లలో ఉందని అమెరికా పరిశోధకులు 2007లో చూపించారు. ఆ లోపం ఒక్క ప్రతిలో ఉంటే కుక్కకు కండ పట్టి, పరుగులో ముందుంటుంది. రెండు ప్రతుల్లోనూ ఉంటే మల్లయోధుడిలా ఉబ్బిపోతుంది, పందేనికి పనికిరాదు. ఇప్పుడు ఒంటి తీరు చూసి ఎంచుకునేవాడు ఏం చేస్తాడు? బాగా కండపట్టిన ఆడదాన్నీ, అలాంటి మగదాన్నీ ఏరి జతకట్టిస్తాడు. రెండింటిలోనూ ఒక్కో ప్రతి ఉంటే పిల్లల్లో నాలుగింట ఒకటి ఉబ్బుగా, నాలుగింట ఒకటి మామూలుగా పుడతాయి. తాను మెచ్చిన తీరు సగం పిల్లలకే వస్తుంది, ఎన్ని తరాలు ప్రయత్నించినా అంతే. అతని కన్ను కుక్కను సరిగ్గానే చూసింది. ఆ తీరు జత కుదిరితేనే నిలుస్తుందని, ఒంటరిగా పిల్లకు అందదని మాత్రం కన్ను చెప్పలేదు. జన్యుపరీక్ష చెబుతుంది.

కాన్పు దారి

మగకుక్క తీరు చూసేటప్పుడు లేని బాధ్యత ఒకటి ఆడకుక్క విషయంలో ఉంది. పిల్లలు పెరిగేదీ, బయటికి వచ్చేదీ, పాలు తాగేదీ ఆ ఒంటి నుంచే. కాబట్టి ఒంటిలో మొదట చూడవలసింది తలా తోకా కాదు, కటి.

మామూలు ఆడకుక్క కటివలయం వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువగా ఉంటుంది. పిల్ల తల అందులోంచి సులువుగా జారుతుంది. స్కాటిష్ టెర్రియర్లు, బోస్టన్ టెర్రియర్ల కటిని ఎక్స్‌రేలతో కొలిచిన స్వీడన్ పరిశోధకులు 1999లో ఒక ముఖ్యమైన సంగతి చూపించారు. కాన్పు కష్టమైన తల్లుల కటి పైనుంచి కిందికి అణిగినట్టు ఉంది. బోస్టన్ టెర్రియర్లలో దానికి పిల్లల పెద్ద తలలు కూడా తోడయ్యాయి. బయటి నుంచి చూస్తే ఆ తల్లులు పొందికైన, గట్టి కుక్కలే.

తల్లి ఒంటి పరిమాణం కూడా లెక్కలోకి వస్తుంది. కేంబ్రిడ్జిలో వాల్టన్, హ్యామండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1938లో గుర్రాల మీద చేసిన ప్రయోగం ఇందుకు ప్రసిద్ధం. భారీ షైర్ జాతినీ, బుడ్డ షెట్లండ్ జాతినీ కృత్రిమ గర్భధారణతో రెండు విధాలుగా కలిపారు. తల్లి షైర్ అయినప్పుడు పుట్టిన పిల్ల, తల్లి షెట్లండ్ అయినప్పుడు పుట్టిన పిల్ల కన్నా సుమారు మూడింతలు పెద్దది. రెండింటిలోనూ జన్యువులు సగం సగమే. పిల్ల పుట్టినప్పటి సైజుకు తల్లి గర్భం హద్దు గీస్తుందన్నమాట. కుక్కల్లో ఈ హద్దు కొంతవరకే కాపాడుతుంది. గర్భం మొత్తం ఎదుగుదలను ఆపగలదు కానీ, వెడల్పాటి పుర్రె తీరును మార్చలేదు. బుల్‌డాగ్ పిల్ల చిన్నదిగా పుట్టినా దాని తల తలే.

నార్వేలో 224 జాతులకు చెందిన 10,810 ఈతలను పరిశీలించి 2011లో ప్రకటించిన లెక్క ప్రకారం ఒక్కో ఈతకు సగటు 5.4 పిల్లలు. బుల్లి జాతుల్లో సగటు మూడున్నర, భారీ జాతుల్లో ఏడు పైచిలుకు. బుల్లి తల్లి కడుపులో ఒకటి రెండు పిల్లలే ఉంటే అవి బాగా ఎదిగి, దారికి అడ్డం పడతాయి. అందుకే చివావా వంటి జాతుల్లో తెలివైన పెంపకందారులు బహుమతులు గెలిచే అతిచిన్న ఆడదాన్ని ప్రదర్శనకు ఉంచి, కాస్త పెద్ద ఒళ్లున్న దాని అక్కనో చెల్లినో ఈనిస్తారు. బుజ్జిదాన్ని ఎత్తుకుని ముద్దు చేయవచ్చు, దాన్ని ఈనించడం మాత్రం దాని ప్రాణాల మీదికి వస్తుంది.

పుట్టాక పాలు. కుక్క మాయలోంచి తల్లి రోగనిరోధక శక్తి పిల్లకు చేరేది చాలా కొద్ది. మిగతాదంతా మొదటి రోజు తాగే ముర్రుపాలతోనే రావాలి. ఒక రోజు గడిస్తే పిల్ల పేగు ఆ రక్షక పదార్థాలను లోపలికి తీసుకోలేదు. అందువల్ల చన్నులు ఎన్ని ఉన్నాయి, మొనలు లోపలికి పోయి ఉన్నాయా, గడ్డలున్నాయా అని ఈనించకముందే తడిమి చూడాలి. సాధారణంగా ఐదు జతలుంటాయి. న్యాయనిర్ణేత కళ్లు ఎప్పుడూ పడని చోటు ఇది. పిల్లల బతుకు మాత్రం అక్కడే ఉంది.

ఒళ్లు నిండుగా ఉండటాన్ని మంచి తల్లి లక్షణంగా చాలామంది పొరబడతారు. పశువైద్యులు కుక్క ఒళ్లు పట్టును 1 నుంచి 9 వరకు అంకెల్లో కొలుస్తారు. 4, 5 సరైనవి. పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి పొడుచుకు రాకూడదు. పైనుంచి చూస్తే నడుము తెలియాలి. కొవ్వు పట్టిన ఆడకుక్కకు నొప్పులు సరిగ్గా రావు, కాన్పు సాగుతుంది.

ఎక్స్‌రే చూసే తుంటి

బయటి తీరు ఎంత మోసం చేయగలదో చెప్పడానికి తుంటి కీలు చాలు. తొడ ఎముక తల గిన్నెలో బంతిలా బిగువుగా కూర్చోవాలి. కొన్ని కుక్కల్లో ఆ గిన్నె లోతు తక్కువగా, కీలు వదులుగా ఉండి, వయసు వచ్చేకొద్దీ అరిగి నొప్పి పుడుతుంది. జర్మన్ షెపర్డ్, లాబ్రడార్, రాట్‌వైలర్ వంటి పెద్ద జాతుల్లో ఇది ఎక్కువ. రెండేళ్ల ఆడకుక్క గంతులు వేస్తూ, గోడలు దూకుతూ ఉండవచ్చు. ఎక్స్‌రే తీస్తే కీలు పాడై ఉండవచ్చు. అమెరికాలో 1966లో మొదలైన ఆర్థోపెడిక్ ఫౌండేషన్ ఫర్ యానిమల్స్ 24 నెలలు నిండిన కుక్కలకే తుంటి యోగ్యతాపత్రం ఇస్తుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో గెయిల్ స్మిత్ రూపొందించిన ఇంకో పద్ధతిలో కుక్కకు మత్తిచ్చి, కీలును మెల్లగా బయటికి లాగి, వదులును అంకెలో కొలుస్తారు. దీన్ని 16 వారాల వయసు నుంచే చేయవచ్చు.

తుంటి తీరులో తల్లిదండ్రుల వాటా ఎంత? కుక్కకూ కుక్కకూ మధ్య కనిపించే తేడాలో జన్యువుల పాలును అనువంశికత అంటారు. సున్నా నుంచి ఒకటి వరకు ఉండే అంకె అది. తుంటి విషయంలో, కొలిచిన మందను బట్టి, పద్ధతిని బట్టి, 0.2 నుంచి 0.6 దాకా వచ్చింది. ఈ అంకె ఎలా పనిచేస్తుందో ఎత్తు విషయంలో చూద్దాం. ఒక మందలో సగటు ఎత్తు 60 సెంటీమీటర్లు అనుకుందాం. 64 ఉన్న ఆడదాన్ని, 60 ఉన్న మగదాన్ని ఎంచుకున్నాం. తల్లిదండ్రుల సగటు 62, అంటే మంద కన్నా 2 ఎక్కువ. అనువంశికత 0.5 అయితే పిల్లల సగటు పెరిగేది 2లో సగం, అంటే 61. అనువంశికత 0.2 అయితే 60.4. తల్లి తీరులో మెచ్చుకున్నదంతా పిల్లకు రాదు. జన్యువుల పాలే వస్తుంది, అదీ తండ్రితో కలిసి సగమై వస్తుంది.

మిగిలిన పాలు తిండిది, వ్యాయామానిది, పెంపకానిది. 48 లాబ్రడార్ పిల్లలను జతలుగా విడదీసి, జతలో ఒకదానికి రెండోదాని కన్నా పావు వంతు తక్కువ తిండి జీవితమంతా పెట్టిన ప్రయోగం ఫలితాలు 2002లో వచ్చాయి. తక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుష్షు 13 ఏళ్లు, ఎక్కువ తిన్నవాటిది 11.2. కీళ్ల అరుగుదల కూడా తక్కువ తిన్నవాటిలో ఆలస్యంగా వచ్చింది. అంటే ఒక ఆడకుక్క తుంటి బాగుండటం దాని జన్యువుల గొప్పో, యజమాని కొలిచి పెట్టిన తిండి గొప్పో దాన్ని ఒక్కదాన్నే చూసి చెప్పలేం.

చెప్పగలిగేది చుట్టాలను చూసి. తోబుట్టువులు ఎలా ఉన్నాయి, తల్లి ఎలా ఉంది, మునుపటి ఈత పిల్లలు ఎలా ఉన్నాయి అని చూస్తే జన్యువుల పాలు విడిగా తేలుతుంది. అంధులకు దారి చూపే కుక్కలను తయారుచేసే అమెరికా సంస్థ ‘ద సీయింగ్ ఐ’ ఈ పద్ధతినే పట్టుకుంది. ప్రతి కుక్కకూ తన ఎక్స్‌రేతో పాటు బంధువుల ఎక్స్‌రేలనూ కలిపి ఒక అంకె కట్టి, ఆ అంకెను బట్టి తల్లులనూ తండ్రులనూ ఎంచింది. ఐదు తరాలైనా నిండకుండానే జర్మన్ షెపర్డ్‌లలో తుంటి లోపం నూటికి 55 నుంచి 24కు, లాబ్రడార్లలో 30 నుంచి 10కి దిగిందని 1997లో ప్రకటించారు. కంటికి అన్నీ ఒకేలా కనిపించిన ఆడకుక్కల్లోంచి అసలైన తల్లులను ఏరింది ఆ లెక్క.

పాడిని చూసి బర్రెను, తల్లిని చూసి పిల్లను ఎంచుకోమని మన పెద్దలు చెప్పిందీ ఈ దారే. బర్రె కొమ్ముల అందం కాదు, అది ఇచ్చిన పాలు చూడమన్నారు.

ఎంత గట్టిగా ఏరాలి?

ఇంత చదివాక ఒక ఆలోచన రావచ్చు. మందలో అన్నిటికన్నా మేలైన నాలుగు ఆడకుక్కలను ఉంచి, మిగతావాటిని ఆపేస్తే సరిపోదా? సరిపోదు.

50 ఆడకుక్కలు, 2 మగకుక్కలు ఉన్న జాతిని తీసుకుందాం. లెక్కకు 52. జన్యు వైవిధ్యం లెక్క వేరు. ఆడవాటి సంఖ్యనూ మగవాటి సంఖ్యనూ గుణించి, నాలుగుతో హెచ్చించి, మొత్తంతో భాగిస్తే వచ్చేది దాదాపు 8 మాత్రమే. మగవాటిని పది చేస్తే 33 అవుతుంది. కుక్కల జాతుల్లో ఇరుకంతా సాధారణంగా తండ్రి వైపే వస్తుంది. బహుమతి గెలిచిన ఒక్క మగకుక్క వందల పిల్లలకు తండ్రి అవుతుంది. ఆడది జీవితంలో ఈనేది కొన్ని ఈతలే. అందువల్ల జాతిలో మిగిలిన వైవిధ్యాన్ని చాలావరకు కాపాడేది పలు రకాల ఆడకుక్కలే. ఒకే అచ్చు తీరు ఉన్నవాటినే ఉంచి మిగతా ఆడవాటిని తీసేస్తే ఆ ఆసరా కూడా పోతుంది.

అది పోతే ఏమవుతుందో బుల్‌డాగ్ చూపించింది. 2016లో డేవిస్ శాస్త్రవేత్తలు 102 ఇంగ్లిష్ బుల్‌డాగ్‌ల జన్యువులను పరిశీలించారు. ముక్కు, పుర్రె, కటి తీరును లోపలి ఎంపికతోనే వెనక్కి తిప్పాలంటే అందుకు కావలసిన వైవిధ్యం ఆ జాతిలో బాగా కొరవడిందని తేల్చారు. బ్రిటన్ కెన్నెల్ క్లబ్ 2012 నుంచి రెండు సిజేరియన్లు అయిన తల్లి తర్వాతి ఈతను నమోదు చేయడం మానేసింది. మంచి నియమమే, చాలా ఆలస్యంగా వచ్చింది.

మన వాకిట్లో

2003లో ఒక మొబైల్ కంపెనీ ప్రకటనతో పగ్ మన ఊళ్లలోకి వచ్చింది. తర్వాత షిట్జూలు, ఫ్రెంచ్ బుల్‌డాగ్‌లు వచ్చాయి. కుక్కకు ఒంటి నిండా చెమట పట్టదు. రొప్పుతూ, ముక్కు, నోటి తడి ఆరుతుండగా ఒళ్లు చల్లార్చుకుంటుంది. ముక్కే అణిగిపోయిన కుక్కకు ఆ దారి సగం మూసుకుపోయినట్టే. రామగుండంలోనో, రెంటచింతలలోనో మే నెల ఎండలో నిండు చూలుతో ఉన్న పగ్ పడే యాతన దాని తీరులోంచే వచ్చింది. ఇక్కడ ఆడ పగ్‌ను ఎంచుకోక తప్పదనుకునేవారు ముక్కు రంధ్రాలు తెరుచుకుని, మూతి కాస్త పొడవున్నదాన్నే ఎంచాలి, కాన్పు ఎండాకాలంలో పడకుండా చూసుకోవాలి.

మన సొంత కుక్కల కథ వేరు. కొల్లేరు చుట్టూ, కృష్ణా గోదావరి జిల్లాల్లో కనిపించే జోనంగి జాగిలం ఒంటికి అతుక్కున్నట్టుండే పొట్టి వెంట్రుకలతో, సన్నటి గట్టి ఒంటితో, నుదుట ముడతలతో ఉంటుంది. బాతులు మేపేవారికి కాపలాకు, వేటకు తోడుగా ఉండేది. బాతుల పెంపకం తగ్గి చేపల చెరువులు పెరిగాక దాని పని పోయింది, సంఖ్యా పడిపోయింది. కర్ణాటకలోని ముధోల్ జాగిలానికి కొంత మంచి రోజులొచ్చాయి. 2016లో సైన్యం ఆ పిల్లలను మీరట్‌లో శిక్షణకు తీసుకుంది.

ఇలాంటి దేశీ కుక్కలను ఇప్పుడు కాపాడాలని ముందుకొచ్చేవారికి ఉన్న పెద్ద ప్రమాదం ఒంటి తీరు మోజే. ఒక ఫొటోలోని కుక్కను నమూనాగా పెట్టుకుని, నడుము ఇంతే సన్నగా, ముడతలు ఇంతే లోతుగా ఉండాలని ఏరడం మొదలుపెడితే, కొద్దిగా మిగిలిన ఆడకుక్కల్లో సగానికి పైగా పక్కకు పోతాయి. ఈ కుక్కలను మలిచింది ఎండ, నీళ్లు, పని. సొంతంగా ఈని, పిల్లలను సాకి, ఆ పని చేయగల ప్రతి ఆడదీ ఆ జాతికి తల్లి కాదగినదే. రంగు, ముడతలు తర్వాతి సంగతి.

వరుస ఏది?

మన దేశంలో కుక్కల పెంపకం, అమ్మకాలకు 2017లో కేంద్రం నియమాలు తెచ్చింది. 18 నెలలు నిండని, 8 ఏళ్లు దాటిన ఆడకుక్కను ఈనించకూడదు. ఏడాదికి ఒక ఈతకు మించకూడదు. వరుసగా రెండు ఎదల్లో జతకట్టించకూడదు. జీవితంలో ఐదు ఈతలే. జతకట్టించే ముందు పశువైద్యుడి ధ్రువీకరణ ఉండాలి. పెద్ద జాతుల్లో తుంటి ఎక్స్‌రే కోసం రెండేళ్లు ఆగడం ఇంకా మేలు.

ఆ పైన ఎంపికకు ఒక వరుస ఉంది. మొదట ఆ ఆడకుక్క తల్లి ఎలా ఈనిందో, ఎన్ని పిల్లలను బతికించుకుందో కనుక్కోండి. తర్వాత తోబుట్టువుల కీళ్లు, గుండె, కళ్లు, చర్మం గురించి అడగండి. మూడోది స్వభావం. భయంతో వణికే, ఊరికే మీదపడే తల్లి దగ్గర పెరిగిన పిల్లలకు జన్యువులతోనూ, పెంపకంతోనూ అదే అబ్బుతుంది. నాలుగోది ఎక్స్‌రే, జాతిని బట్టి జన్యుపరీక్ష. ఐదోది కుక్కను నడిపించి చూడటం. కటి వెడల్పు, నడుము బలం, ఛాతీ లోతు, కాళ్ల పొందిక, పళ్ల వరస, చన్నులు ఇక్కడ చూడాలి. తల అందం, రంగు, చెవుల నిలుపు అన్నిటికన్నా చివర.

ప్రదర్శనల్లో ఈ వరుస తలకిందులుగా ఉంటుంది, బుల్‌డాగ్‌ను ఆపరేషన్ బల్ల దాకా తెచ్చింది ఆ తలకిందుల వరుసే. ఈ మొదటి నాలుగు మెట్లలో ఏ ఒక్కటి దాటలేకపోయినా, ఎంత అందమైన ఆడకుక్కనైనా ఈనించకండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి ఇంట్లో హాయిగా పెంచుకోండి.